ఊరిదాకా ఫైబర్ వచ్చాక ఊరికి పనికొచ్చేలా చేయడం ఎలా?

పల్లెబాట (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. గ్రామాభివృద్ధి పనులు చూసే ఒక చిన్న బృందంలో ఉన్నాను. చాలాకాలంగా మనసులో నలుగుతున్న విషయం ఒకటి ఇక్కడ పెడుతున్నాను. అనుభవం ఉన్నవాళ్లు విడమరిచి చెప్పాలి.

అంతర్జాతీయ టెలికం సమాఖ్య 2024లో ఇచ్చిన అంచనా ప్రకారం ప్రపంచంలో పట్టణాల జనాభాలో 83 శాతం ఇంటర్నెట్ వాడుతున్నారు, పల్లెల్లో 48 శాతమే. అప్పటికి ఇంకా 260 కోట్ల మంది దానికి దూరంగానే ఉన్నారు. ఈ తేడా పోవాలంటే కేబుల్ వేయాలి, టవర్లు కట్టాలి అని అందరూ అంటారు. కాదనను. కానీ కేబుల్ చేరిన ఊళ్లలో కూడా ఏం జరుగుతోందో చూస్తున్నాం కదా. కార్యాలయం గోడకు ఒక తెల్ల డబ్బా బిగిస్తారు, మొదటిరోజు ఫొటో తీస్తారు. తర్వాత దాని లైటు వెలుగుతోందా ఆరిపోయిందా అని అడిగేవాళ్లుండరు. జనం ఎవరి ఫోన్లో వాళ్లు డేటా వేయించుకుని ఎవరి పని వాళ్లు చూసుకుంటారు. ఊరు మొత్తానికి కలిసొచ్చింది మాత్రం ఏమీ కనిపించదు.

కనెక్షన్ వచ్చిన ఊరు దాన్ని మొదట దేనికి వాడాలి? ఎవరి చేతిలో ఉంచాలి? పాడైతే ఎవరు చూడాలి? ఎక్కడైనా సరే, నిజంగా పనిచేసిన పద్ధతులు తెలిస్తే చెప్పండి. పథకాల పేర్ల కంటే అవి ఎలా నడిచాయో తెలిస్తే నాకు ఎక్కువ ఉపయోగం.


తీగపని

మీ మూడో ప్రశ్నతో మొదలుపెడతాను. నా బతుకుతెరువు అదే, ఫైబర్ జాయింట్లు వేస్తాను.

పల్లెలకు వేసే లైన్లు ఎక్కువగా పాన్ (పాసివ్ ఆప్టికల్ నెట్‌వర్క్) రకం. ఎక్స్ఛేంజి నుంచి ఒక్క ఫైబర్ బయల్దేరుతుంది. మధ్యలో స్ప్లిటర్ అనే చిన్న గాజు పరికరం దాన్ని 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతుంది. స్ప్లిటర్‌కి కరెంటు అక్కర్లేదు. దారి పొడవునా ఎక్కడా కరెంటుతో పనిలేకపోవడమే పల్లెలకు ఈ పద్ధతి నప్పడానికి పెద్ద కారణం. వీటిలో జీపాన్ అనే రకమైతే సెకనుకు కిందికి (ఇంటికి వచ్చేది) 2.488 గిగాబిట్లు, పైకి (ఇంటి నుంచి పోయేది) 1.244 గిగాబిట్లు. ఆ లైను మీదున్న ఇళ్లన్నీ దాన్నే పంచుకుంటాయి.

ఇక్కడ ఒక లెక్క ఉంటుంది, దాన్ని పట్టించుకోకపోవడం వల్లే సగం గొడవలు. మామూలుగా వాడే పరికరాల్లో వెలుగు 28 డెసిబెల్స్ (ఇక్కడ వెలుగు బలం ఎంత తగ్గిందో చెప్పే కొలత) దాకా తగ్గినా లైను నిలబడుతుంది. 32 భాగాలు చేసే స్ప్లిటరే దాదాపు 17 తినేస్తుంది. ఫైబర్లో కిలోమీటరుకు 0.35 చొప్పున పోతుంది, 15 కిలోమీటర్లు పోయిందంటే 5కి పైనే. మిగిలింది 5, 6. జాయింట్లకూ కనెక్టర్లకూ ఉన్నది అంతే. ఎవరో గోడ మూల దగ్గర డ్రాప్ వైరును (ఇంట్లోకి వచ్చే చివరి వైరు) గట్టిగా మడిచి మేకు కొట్టారనుకోండి, ఆ ఒక్క మడత దగ్గరే రెండు మూడు డెసిబెల్స్ పోవచ్చు. అప్పుడు లైను పూర్తిగా చావదు. ఒకరోజు వస్తుంది, ఒకరోజు రాదు. పూర్తిగా తెగిన లైనును పట్టుకోవడం తేలిక, ఇలాంటిదే ప్రాణం తీస్తుంది.

డబ్బా మీద ఎర్రలైటు కొట్టుకుంటుంటే దానర్థం ఏమిటో, కనెక్టర్ కొసను ఎలా తుడవాలో, వైరు ఎక్కడ మడత పడిందో చూడటం తెలిసిన మనిషి ఊళ్లో ఒకరుండాలి. ఇద్దరైతే మరీ మంచిది. జాయింట్ వేసే మిషను ఖరీదైనది, అది ప్రతి ఊళ్లో అక్కర్లేదు. చూసి సరిగ్గా చెప్పగలిగే మనిషి మాత్రం ప్రతి ఊళ్లో కావాలి. "నెట్ రావట్లేదు" అని ఫోనొస్తే నేను వెళ్లేది రేపో ఎల్లుండో. "ఎర్రలైటు వస్తోంది, పక్కింట్లో కూడా అంతే, చెరువు గట్టు దగ్గర జేసీబీ తవ్వింది" అని చెబితే జాయింట్ కిట్టు తీసుకుని నేరుగా గట్టు దగ్గరికే పోతాను.


లెక్కలపద్దు

తీగపని గారు చెప్పిన మనిషికి జీతం ఎవరివ్వాలి? లైను ఎవరి సొత్తు అన్న ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

చరిత్రలోకి కొంచెం వెనక్కి వెళ్తాను. 1930ల నడుమ అమెరికాలో వందలో పది పొలాలకే కరెంటు ఉండేది. పల్లెల్లో స్తంభాలు పాతితే గిట్టదని ప్రైవేటు కంపెనీలు వెనకాడాయి. 1935లో ప్రభుత్వం గ్రామీణ విద్యుదీకరణ సంస్థను పెట్టింది, మరుసటేడు దానికి చట్టం తెచ్చింది. అప్పులిచ్చింది కానీ తానే వెళ్లి తీగలు లాగలేదు. రైతులు సహకార సంఘాలు కట్టుకున్నారు, అప్పు తీసుకున్నారు, లైన్లు వేసుకున్నారు. 1949లో అదే ఏర్పాటును టెలిఫోన్లకూ విస్తరించారు. ఆనాటి విద్యుత్ సంఘాల్లో కొన్ని ఇవాళ తమ స్తంభాల మీదే ఫైబర్ లాగుతున్నాయి. దాదాపు తొంభై ఏళ్ల కింద వేసిన పునాది మీద కొత్త గోడ లేస్తోంది.

ఇంగ్లండు ఉత్తరాన లాంకషైర్ పల్లెల్లో 2011లో బార్న్ అనే సంఘం మొదలైంది. కంపెనీలు రానన్న చోట ఊళ్లవాళ్లే వాటాలు కొన్నారు, పొలాల యజమానులు తమ భూమిలోంచి కేబుల్ పోనిచ్చారు, అదీ ఉచితంగా. ఈ ఉచితం అన్నదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఫైబర్ వేయడంలో ఖర్చంతా గాజు తీగది కాదు, తవ్వడానిది. రోడ్డు తవ్వితే అనుమతులు కావాలి, ట్రాఫిక్ ఆపాలి, మళ్లీ తారు వేయాలి. పొలం గట్టున తవ్వితే మట్టి కప్పేస్తే అయిపోయింది. తవ్వకం పని చేసినవాళ్లకు కూలి బదులు వాటాలు తీసుకునే వీలు కూడా పెట్టారు. చివరికి ఆ పొలాల మధ్య ఇళ్లకు వచ్చింది రెండువైపులా గిగాబిట్ లైను, చాలా పట్టణాలకు అప్పటికి లేనిది.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. లైను మీద ఊరికి హక్కు లేకపోతే బాగుచేయించే అధికారమూ ఉండదు. "మాది కాదు, వాళ్లదే" అనుకున్న వస్తువు ఎన్నాళ్లు నిలుస్తుందో మనకు తెలియనిదా?


మబ్బుచాటు

ఇంత తవ్వకం, సంఘాలు, వాటాలు... అవసరమా? ఇప్పుడు తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహాలొచ్చాయి. ఇంటిమీద పళ్లెం పెట్టుకుంటే చాలు కదా.


తీగపని

@మబ్బుచాటు మంచి ప్రశ్నే. పాత రకం ఉపగ్రహం భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. మన ప్రశ్న పైకెళ్లి కిందికి దిగాలి, జవాబు మళ్లీ పైకెళ్లి కిందికి రావాలి. మొత్తం లక్షా నలభై వేల కిలోమీటర్ల పైమాటే. వెలుగు వేగంతో పోయినా అర సెకను పడుతుంది. వీడియోలో మాట్లాడేటప్పుడు ఒకరి మాట మీద ఒకరు పడేది అందుకే. కొత్తవి ఎక్కువగా కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి కాబట్టి ఆ ఇబ్బంది దాదాపు లేదు. కొండల మీద విడిగా ఉన్న నాలుగిళ్లకు, వరదొచ్చి లైన్లు కొట్టుకుపోయినప్పుడు అవే దిక్కు, నేనూ అదే చెబుతాను.

కానీ ఒక్కో ఉపగ్రహం కింద ఉన్న జనమంతా దాని సామర్థ్యాన్ని పంచుకోవాలి. ఇళ్లు దగ్గర దగ్గరగా ఉన్న ఊళ్లో ఒక్కో ఇంటికి ఒక్కో పళ్లెం అంటే ఖర్చూ ఎక్కువ, వేగమూ తగ్గుతుంది. ఊరికంతటికీ ఒక పళ్లెం పెట్టి అక్కణ్నుంచి వైఫైతో పంచుకోవచ్చు. అప్పుడు కూడా లెక్కలపద్దు గారు అడిగిన ప్రశ్న అలాగే ఉంటుంది, అది ఎవరి సొత్తు, ఎవరు చూస్తారు అని.


వరిచేను

నేను వ్యవసాయదారుణ్ని. టెక్నాలజీ వస్తే రైతుకు ధర తెలుస్తుంది, దళారులు పోతారు అని సభల్లో వినీ వినీ ఉన్నాను. దాని గురించి చెప్పాలి.

ధర తెలియడం వల్ల లాభం ఉందన్నది నిజమే. కేరళ తీరంలో 1997 నుంచి 2001 మధ్య మొబైల్ సర్వీసు ఒక్కో ప్రాంతానికే వస్తూ పోయింది. దాన్ని రాబర్ట్ జెన్సన్ అనే ఆర్థికవేత్త గమనించి 2007లో పత్రం రాశాడు. ఫోన్లు రాకముందు పడవ ఏ రేవుకు చేరితే అక్కడి ధరకే అమ్మాలి. ఒక రేవులో కొనేవాళ్లు లేక చేపను పారబోస్తుంటే పక్క రేవులో చేప దొరక్క కొనేవాళ్లు ఉత్తచేతులతో పోయేవాళ్లు. ఫోన్ వచ్చాక సముద్రం మీద నుంచే కనుక్కుని ధర ఉన్న రేవుకు పడవ తిప్పారు. పారబోత దాదాపు పూర్తిగా ఆగింది. మత్స్యకారుల లాభం సగటున 8 శాతం పెరిగింది, కొనుక్కునేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది. అమ్మేవాడూ బాగుపడ్డాడు, కొనేవాడూ బాగుపడ్డాడు.

మధ్యప్రదేశ్‌లో సోయా రైతులకు 2000 నుంచి ఊళ్లో కంప్యూటర్ పెట్టి ధర చూపించిన ఈ-చౌపాల్ విషయంలో పరిశోధకులు లెక్కగడితే మండీ ధర 1 నుంచి 3 శాతం పెరిగిందని తేలింది. పెరిగింది కానీ, కొంచెమే.

చేపల రేవులో అంత పెద్ద తేడా ఎందుకొచ్చింది? పడవ అతని చేతిలో ఉంది. ధర తెలిసిన మరుక్షణం దిశ మార్చగలడు. విత్తనాలకూ ఎరువులకూ షావుకారు దగ్గర అప్పు తెచ్చుకున్న రైతుకు పక్క మార్కెట్లో ధర తెలిసినా ఉపయోగమేముంది? పంట కోయకముందే అమ్ముడుపోయింది. బండి లేదు, గిడ్డంగి లేదు, ఆగే ఓపిక లేదు. ఫోన్లో ధర చూసి గుండె మండటం తప్ప. అందుకే నా మాట ఏమిటంటే, కనెక్షన్‌తో పాటు అప్పు, గిడ్డంగి, రవాణా ఈ మూడిట్లో ఒక్కటైనా కదలాలి. లేకపోతే ధరల యాప్ ఎంత బాగున్నా రైతు చేతికి ఏమీ రాదు.


పల్లెబాట

@వరిచేను ఇది చాలా విలువైన మాట. మరి ధరలు కాకుండా సాగు పద్ధతులు నేర్చుకోవడానికి వీడియోలు పనికొస్తాయా?


వరిచేను

పనికొస్తాయి, మాట్లాడేది మనలాంటి రైతయితే. 2006లో బెంగళూరులో మైక్రోసాఫ్ట్ పరిశోధనశాలలో మొదలై తర్వాత విడి సంస్థ అయిన డిజిటల్ గ్రీన్ చేసింది అదే. శాస్త్రవేత్త పాఠం చెప్పే వీడియో కాదు, ఆ ప్రాంతపు రైతే తన చేలో చేసి చూపించే వీడియో. చూసే రైతులు అడిగే మొదటి మాట "ఇతనిది ఏ ఊరు?" అని. తమలాంటి మనిషే, తమలాంటి నేలే అని నమ్మకం కుదిరాకే మిగతాది వింటారు. వీడియోను మధ్యమధ్యలో ఆపి, ప్రశ్నలు వేసి, చర్చ పెట్టే మనిషి ఒకరు ఎప్పుడూ ఉంటారు. చిన్న బ్యాటరీ ప్రొజెక్టరుతో మహిళా సంఘాల సమావేశాల్లో వేసేవారు. ఆ చూపే చోట బ్రాడ్‌బ్యాండ్ కూడా అక్కర్లేదు, తయారుచేసి పంపే చోట ఉంటే చాలు.

లింకు పంపి వదిలేస్తే ఎవరూ చూడరు. పదిమంది కూర్చుని చూస్తేనే "నేనూ చేసి చూస్తా" అనేవాళ్లు బయటికొస్తారు.


నర్సమ్మ

ఆరోగ్యం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతాను. ప్రాథమిక కేంద్రంలో పనిచేస్తాను.

బ్రాడ్‌బ్యాండ్ అనగానే అందరూ డౌన్‌లోడ్ వేగమే చెబుతారు. మాకు కావాల్సింది అప్‌లోడ్. ఛాతీ నొప్పితో మనిషి వస్తే ఈసీజీ తీసి పెద్ద డాక్టరుకు పంపాలి. గాయం ఫొటో పంపాలి. వీడియోలో పేషెంటు ముఖం, కనురెప్ప కింద రంగు, కాళ్లవాపు స్పష్టంగా కనబడాలి. కిందికి ఎంత వేగం ఉన్నా పైకి పోయే దారి ఇరుకైతే ఆ గుండ్రటి చక్రం తిరుగుతూనే ఉంటుంది, మనిషి మంచం మీద నొప్పితో మెలికలు తిరుగుతుంటాడు. అమెరికా టెలికం నియంత్రణ సంస్థ 2024లో బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనం మార్చి కిందికి 100, పైకి 20 మెగాబిట్లు అంది. అంతకుముందు 2015 నుంచి పైకి 3 ఉంటే చాలనేవారు. మూడుతో మా పని ఎలా సాగుతుంది?

ఇంకొకటి. దూరవైద్యం అంటే పేషెంటును తెర ముందు కూర్చోబెట్టి పట్నం డాక్టరుతో మాట్లాడించడం అనుకుంటారు. దానికంటే గట్టి పద్ధతి ఒకటుంది. న్యూమెక్సికోలో సంజీవ్ అరోరా అనే కాలేయ వైద్యుడు 2003లో ప్రాజెక్ట్ ఎకో మొదలుపెట్టారు. హెపటైటిస్ సీ రోగులు ఆయన క్లినిక్‌లో చూపించుకోవడానికి నెలల తరబడి ఎదురుచూసేవారు, వందల మైళ్లు వచ్చేవారు. ఆయన రోగులను పిలవడం మాని పల్లె డాక్టర్లను వారం వారం వీడియోలో కలిశారు. ఒక్కొక్కరు తమ కేసు చెబుతారు, అందరూ వింటారు, నిపుణులు సలహా ఇస్తారు. అలా నేర్చుకున్న పల్లె డాక్టర్లే చికిత్స చేశారు. 2011లో ఫలితాలు అచ్చయ్యాయి. పల్లె కేంద్రాల్లో 58.2 శాతం మందికి నయమైంది, విశ్వవిద్యాలయ క్లినిక్‌లో 57.5 శాతం మందికి. అంటే ఏ తేడా లేదు!

నాకు దీనిలో ముచ్చటేసింది ఏమిటంటే, పట్నం డాక్టరు తెర మీదికి వచ్చి వెళ్లిపోతే ఊళ్లో మిగిలేది చీటీ. ఈ పద్ధతిలో ఊళ్లో విద్య మిగులుతుంది. మాలాంటి నర్సులకు, ఆరోగ్య కార్యకర్తలకు కూడా ఇలాంటిది కావాలని ఎన్నాళ్లుగానో కోరుకుంటున్నాను.


బడిగంట

నర్సమ్మ గారూ, "ఊళ్లో విద్య మిగులుతుంది" అన్న మాట బడికి కూడా వర్తిస్తుంది.

పెరూ దేశంలో పల్లె బడులకు పిల్లకొక లాప్‌టాప్ చొప్పున ఇచ్చారు. 319 బడుల్లో ఏం జరిగిందో చూసి 2012లో ఫలితం ప్రకటించారు. లెక్కల్లోనూ భాషలోనూ మార్కులేమీ పెరగలేదు. కంప్యూటర్ వాడకం మాత్రం బాగా పెరిగింది. చాలా బడులకు ఇంటర్నెట్ లేదు, టీచర్లకు దాన్ని పాఠంలో ఎలా కలపాలో సరైన శిక్షణ లేదు. వస్తువు వచ్చింది, పాఠం మారలేదు. ఉపాధ్యాయురాలిగా నాకు ఆ ఫలితం చదివితే ఆశ్చర్యం కలగలేదు, బాధ కలిగింది. అంత డబ్బులో కొంతైనా టీచర్ల మీద పెట్టి ఉంటే!

లైను నిలకడగా లేని బడులకు నేను గట్టిగా చెప్పేది, ఇంటర్నెట్‌లో ముఖ్యమైనదాన్ని బడిలోకే తెచ్చుకోండి. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వికీపీడియా మొత్తాన్ని ఒక ఫైలుగా దించుకుని నెట్ లేకుండా చదవొచ్చు. తెలుగు వికీపీడియాకూ ఇది పనికొస్తుంది. కొలిబ్రి అని ఇంకొకటుంది, పాఠాలూ అభ్యాసాలూ ఒక చిన్న సర్వర్లో పెట్టుకుంటే గదిలోని పరికరాలన్నీ వైఫైలో దానికే తగులుకుంటాయి. లైను ఖాళీగా ఉన్నప్పుడు కొత్తవి దించిపెట్టుకోవచ్చు. ముప్పై మంది పిల్లలు ఒకే వీడియోను ముప్పై సార్లు బయటినుంచి లాగితే ఏ లైనైనా చతికిలబడుతుంది. ఒకసారి దించి గదిలో పంచితే ఆ బాధే లేదు.


గట్టుమీద

ఇక్కడ అందరూ "ఊరు" అంటున్నారు. ఊళ్లో ఎవరు అని అడగాలనిపిస్తోంది.

ఇంట్లో ఒకే స్మార్ట్‌ఫోన్ ఉంటే అది మగవాళ్ల జేబులో ఉంటుంది. పొద్దున వాళ్లతోపాటే బయటికి పోతుంది. మిగిలిన వేళల్లో పిల్లల చదువుకి. ఇంటి ఆడవాళ్ల చేతికి వచ్చేది అందరూ పడుకున్నాక, బ్యాటరీ అయిపోయాక. అలాంటి ఇంటికి ఎంత వేగం ఇచ్చినా ఆమెకు ఒరిగేది లేదు. అందుకే ఉమ్మడి కేంద్రం ఒకటి ఉండాలంటాను. అది ఎక్కడ పెట్టారన్నది కూడా ముఖ్యమే. మగవాళ్లు గుమిగూడే చోట పెడితే సగం ఊరు లోపలికి రాదు. బడి పక్కనో, ఆరోగ్య కేంద్రం పక్కనో, ఆడవాళ్లు ఎలాగూ వచ్చే చోట పెట్టాలి. నడిపే మనిషి ఆ ఊరి అమ్మాయే అయితే తేడా మొదటి నెలలోనే కనబడుతుంది.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. స్వీడన్‌లో వెమ్‌డాలెన్ అనే పల్లెలో 1985లోనే ఊరి ఉమ్మడి కంప్యూటర్ కేంద్రం తెరిచారు. ఇంటర్నెట్ జనంలోకి రాకముందు సంగతి. శిక్షణ, చిన్న ఉద్యోగాలు, ఊరి వ్యాపారాలకు సహాయం అన్నీ ఒకే కప్పు కింద. ఆ తర్వాత ఎన్నో దేశాలు దాన్ని చూసి నేర్చుకున్నాయి.


కడలిగాలి

గట్టుమీద గారి మాటకు తోడుగా ఒకటి చెప్పాలి. సమాచారం ఊరిదాకా రావడం ఒకటి, ఊరందరి చెవినా పడటం ఇంకొకటి.

పుదుచ్చేరి ప్రాంతంలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ 1998లో గ్రామ విజ్ఞాన కేంద్రాలు మొదలుపెట్టింది. తీరప్రాంతపు ఊళ్లలో జనం మొదట అడిగింది ఏమిటో తెలుసా? ఇవాళ అలలు ఎంత ఎత్తు లేస్తాయి అని. అమెరికా నౌకాదళం వెబ్‌సైట్లో ఆ అంచనాలు ఉండేవి. కేంద్రంలో వాటిని దించుకుని, తమిళంలోకి మార్చుకుని, మైకులో ఊరంతా వినబడేలా చదివేవాళ్లు. చదువురాని మత్స్యకారుడు కూడా ఇంటి ముందు వల బాగుచేసుకుంటూ వినేవాడు.

2004 డిసెంబరు 26న నల్లవాడు అనే ఊరికి సింగపూర్‌లో పనిచేస్తున్న ఊరి మనిషి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది, సముద్రం గురించి హెచ్చరిస్తూ. ఊళ్లోవాళ్లు విజ్ఞాన కేంద్రం తలుపు తెరిచి, ఆ మైకులోనే అందరినీ తీరం వదిలి పొమ్మని చాటారు. ఇళ్లు, పడవలు పోయాయి. జనం బతికారు.

అక్కడ ప్రాణాలు కాపాడింది ఒక ఫోన్ కాల్, ఒక లౌడ్‌స్పీకర్. కానీ ఆ మైకు సునామీ కోసం పెట్టింది కాదు. రోజూ అలల ఎత్తు చదివి చదివి, అందులో వచ్చే మాటను నమ్మడం ఊరికి అలవాటైంది. రోజూ వాడని వ్యవస్థ ఆపదలో పనికిరాదు. దాని బ్యాటరీ అప్పటికే చచ్చి ఉంటుంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలిసి ఉండదు.


తీగపని

బ్యాటరీ అన్నారు కాబట్టి కరెంటు సంగతి చెప్పే తీరాలి.

బర్క్‌లీ విశ్వవిద్యాలయం నుంచి ఎరిక్ బ్రూవర్ బృందం 2000ల నడుమ తమిళనాడులో థేని ప్రాంతంలో అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్లతో కలిసి పనిచేసింది. ఊళ్లలోని చిన్న దృష్టి కేంద్రాలను దూరపు వైఫైతో ఆసుపత్రికి కలిపారు. కేంద్రంలో శిక్షణ పొందిన సహాయకురాలు కన్ను పరీక్షిస్తుంది, డాక్టరు వీడియోలో చూసి చెబుతాడు. మామూలు వైఫైని ఇంటి గదుల కోసం చేశారు. ప్యాకెట్ (పంపిన డేటా ముక్క) అందిందన్న జవాబు కొంత సమయంలోపు రాకపోతే పోయిందనుకుని మళ్లీ పంపుతుంది. పదుల కిలోమీటర్ల దూరమైతే ఆ జవాబు ఆలస్యమవుతుంది. వాళ్లు ఆ పద్ధతినే మార్చి దూరానికి పనికొచ్చేలా చేశారు. సరైన ఎత్తు, ఎదురెదురు చూపు ఉంటే వైఫై ఎంత దూరం పోతుందంటే, 2007లో వెనెజులాలో ఎర్మానో పియెత్రోసెమోలి 382 కిలోమీటర్ల లింకు వేసి చూపించారు.

ఇంత చేసిన బర్క్‌లీ బృందం 2008లో రాసిన పత్రంలో ఏం చెప్పిందంటే, రేడియోల కంటే తమను ఎక్కువ ఏడిపించింది కరెంటు. వోల్టేజి ఒక్కసారి ఎగిసిపడటం, పడిపోవడం, మాటిమాటికీ పోయి రావడం. దానితో అడాప్టర్లు కాలిపోయేవి, మెమరీ కార్డులు పాడయ్యేవి. చూడటానికి నెట్‌వర్క్ సమస్యలా ఉంటుంది, తీరా చూస్తే కరెంటు సమస్య. నా పనిలో నేను చూసేదీ అచ్చం ఇదే. రూటర్ మంచిది కొంటారు, దాన్ని స్టెబిలైజర్ లేకుండా నేరుగా ప్లగ్గులో పెడతారు. పిడుగులకు ఎర్తింగ్ ఉండదు.

పరికరాలకు పన్నెండు వోల్టుల బ్యాటరీ, చిన్న సోలార్ పలక, సరైన ఎర్తింగ్. వేగం పెంచడం కంటే ముందు వీటికి డబ్బు పెట్టండి. దక్షిణాఫ్రికాలో మంకోసి ప్రాంతంలో జెంజెలెని అనే సహకార సంఘం సోలార్‌తోనే తన నెట్‌వర్క్ నడిపింది. అదే సోలార్‌తో ఊళ్లోవాళ్ల ఫోన్లు ఛార్జి చేసిపెట్టి ఆదాయం కూడా తెచ్చుకుంది.


మబ్బుచాటు

ఇదంతా చదివాక ఒక సందేహం. సంఘం పెట్టుకుంటే గొడవలు రావా? ఊళ్లో ఇద్దరికి పడకపోతే లైను కూడా రెండు ముక్కలవుతుంది కదా.


లెక్కలపద్దు

@మబ్బుచాటు వస్తాయి. అందుకే నియమాలు ముందే రాసుకోవాలి.

స్పెయిన్‌లో కాటలోనియా పల్లెల్లో 2004లో గీఫీ నెట్ మొదలైంది. రమోన్ రోకా, ఇంకొందరు కలిసి ఇంటి కప్పుల మీద రేడియోలు పెట్టుకుని ఒకరినొకరు కలుపుకున్నారు. ఇప్పుడు 30 వేలకు పైగా నోడ్లు (నెట్‌వర్క్‌కు కలిసిన చోట్లు), ఫైబర్ కూడా ఉంది. వాళ్ల నియమం సూటిగా ఉంటుంది. ఎవరైనా చేరొచ్చు, తనవంతు భాగాన్ని జోడించొచ్చు, వేరొకరి ట్రాఫిక్‌ను అడ్డుకోకూడదు. వ్యాపారం చేసే కంపెనీలు కూడా అదే నెట్‌వర్క్ మీద సేవలు అమ్ముకోవచ్చు. కానీ ఎంత వాడుకున్నారో, ఎంత పెట్టుబడి పెట్టారో లెక్క చూసి, ఎక్కువ వాడినవాళ్లు ఉమ్మడి నిధికి డబ్బు కట్టాలి. ఆ డబ్బు మరమ్మతులకు పోతుంది. లెక్క అందరికీ కనబడుతుంది. అన్నేళ్లుగా నిలబడింది దానివల్లే అని నా నమ్మకం.

మెక్సికోలో ఒవహాకా కొండల్లో తలేయా అనే ఊరిది ఇంకో దారి. ఇంత తక్కువ జనాభాకు టవర్ వేసేది లేదని పెద్ద కంపెనీలు తేల్చేశాయి. 2013లో రైజోమాటికా అనే సంస్థ సాయంతో ఊరే సొంత మొబైల్ నెట్‌వర్క్ పెట్టుకుంది, ఉచిత సాఫ్ట్‌వేర్‌తో. నిర్ణయాలు ఊరి సభలో. తర్వాత మరికొన్ని ఊళ్లు కలిసి సంఘంగా ఏర్పడి 2016లో దేశ నియంత్రణ సంస్థ నుంచి లైసెన్సు తెచ్చుకున్నాయి. చట్టం ఒప్పుకోని చోట ఎంత మంచి సంఘమైనా ఒక్క నోటీసుతో ఆగిపోతుంది. అందుకే లైసెన్సు మాటను మొదటిరోజే చూసుకోవాలి.


పల్లెబాట

అందరికీ కృతజ్ఞతలు. ఇంత లోతుగా చెబుతారని అనుకోలేదు.

మా బృందంలో దీన్ని చదివి వినిపించాను. ముందు ఏం చేయాలన్నదానిపై ఒక నిర్ణయానికి వచ్చాం. కొత్త కనెక్షన్ల మాట పక్కనపెట్టి, ఉన్న డబ్బాలకు బ్యాటరీ, ఎర్తింగ్ చూస్తాం. ఊరికి ఇద్దరికి, అందులో ఒకరు తప్పకుండా అమ్మాయికి, తీగపని గారు చెప్పిన పాటి పని నేర్పిస్తాం. బడిలో కివిక్స్ సర్వర్ పెడతాం. నర్సులకు వారం వారం వీడియో సమావేశం ఎవరితో కుదురుతుందో నర్సమ్మ గారితో విడిగా మాట్లాడతాను.

ఒక్కటే తేలలేదు. నెలనెలా వసూలు చేసే డబ్బును ఎలా విడగొట్టాలి? ఇప్పటిదాకా చూసినవాటిలో వచ్చిందంతా బిల్లుకే పోతోంది.


లెక్కలపద్దు

@పల్లెబాట బిల్లు కట్టగానే మిగిలినదాన్ని మూడు పద్దుల్లో రాయండి. ఒకటి, చూసుకునే ఇద్దరికీ ఇచ్చే భత్యం. ఎంత చిన్నదైనా ఇవ్వాలి. ఉచిత సేవ అంటే కొన్నాళ్లకు ఆగిపోతుంది, అడిగే హక్కు కూడా ఉండదు. రెండు, చిల్లర మరమ్మతులు. కనెక్టర్లు, అడాప్టర్లు, డ్రాప్ వైరు. మూడోది అందరూ మరిచిపోయేది, బ్యాటరీ, రూటర్ మార్చుకోవడానికి తరుగుదల నిధి. లెడ్ యాసిడ్ బ్యాటరీ మూడు నాలుగేళ్లలో పోతుందనుకుని, దాని ధరను అన్ని నెలలకూ పంచి ప్రతినెలా పక్కన పెట్టండి. ఆ నిధిని ఎవరూ ముట్టుకోకుండా వేరే ఖాతాలో, ఇద్దరి సంతకాలతో ఉంచండి. మూడు పద్దులూ కేంద్రం తలుపు మీద ప్రతినెలా అంటించండి.

వసూలు ఎక్కువ వస్తే ముందు మూడో పద్దు నింపండి. తర్వాతే వేగం సంగతి.


తీగపని

ఆ చిల్లర పద్దులో కనెక్టర్ తుడిచే కిట్టు ఒకటి, ఎర్రలైటు పెన్ను ఒకటి మొదటి నెలలోనే కొనిపెట్టండి. పెన్నును ఒక కొసలో పెడితే తెగిన చోట, బాగా మడత పడిన చోట వైరు ఎర్రగా మెరుస్తుంది. నేర్పించడానికి నేను వస్తాను, ఎప్పుడన్నది చెప్పండి. వచ్చేవాళ్లను పాత వైరు ముక్కలు నాలుగైదు తెచ్చుకోమనండి, వాటి మీదే చేసి చూపిస్తాను.